సూర్యబింబములోనికి విసరిన వల

సూపర్‌మ్యాన్ చిత్రములను చిన్ననాటి నుండి ప్రేమించుచు వచ్చిన వారిలో సైతము, నాలుగవ చిత్రము పేరెత్తగానే ముఖము త్రిప్పుకొనువారే అధికము. 1987 జూలై 24వ తేదీన అమెరికాలో విడుదలయి, అక్కడ సుమారు 1.57 కోట్ల డాలర్లు మాత్రమే ఆర్జించి, పెట్టిన సొమ్మునైన అచ్చట రాబట్టలేక, విమర్శకుల నోట నానావిధముల నిందలు పడిన 'సూపర్‌మ్యాన్ 4: ది క్వెస్ట్ ఫర్ పీస్' అను ఆ చిత్రము, అధమ చిత్రముల పట్టికలు వ్రాయువారికి నేటికిని తొలి పంక్తులలోనే తటస్థపడుచున్నది. నాయకుని వ్రేలాడదీసిన తీగెలు తెరపై కనబడుననియు, చంద్రమండలమని చూపిన చోట వెనుక కట్టిన నల్లతెర మడతలతో సహా గోచరించుననియు, ప్రాణవాయువు లేని అంతరిక్షమున ఒక మానవకాంత నిరాటంకముగ ఊపిరి పీల్చుచుండుననియు వారు చెప్పు మాటలన్నియు నిజములే. వానిలో ఒక్కదానినైన కాదనుటకు నేనీ వ్యాసము వ్రాయుట లేదు. దశాబ్దములుగ ఆ చిత్రమును మరల మరల చూచుచు, చూచినప్పుడెల్ల దాని లోపములకు నొచ్చుకొనుచు, అయినను దానిని నేను మిక్కిలి గౌరవించు చిత్రముల వరుస నుండి తొలగింపలేకపోవుటకు గల కారణమును చెప్పుటకే వ్రాయుచున్నాను.

ఆ కారణము చిత్రము వేసిన ప్రశ్నయందున్నది. ఒంటిచేతితో రైలును నిలుపగలవాడు, కంటిచూపుతో ఉక్కును కరిగింపగలవాడు, క్షణమాత్రమున భూగోళమును చుట్టి రాగలవాడు మన నడుమ నివసించుచుండగా, ఆ భూగోళమునంతను ఒక్కపూటలో బూడిద చేయగల అణ్వస్త్రములు గిడ్డంగులలో గుట్టలుగ పడియుండుట ఎట్లు సంభవించును? దొంగలను పట్టి చెరసాలకప్పగించువాడు, కూలు వంతెనకు భుజము మోపి నిలుపువాడు, చెట్టెక్కి దిగలేని పిల్లిని దింపి పసిపాప చేతికిచ్చువాడు, ఈ ఒక్క విషయమున మాత్రమేల మౌనము వహించును? మహాశక్తిమంతుల కథలల్లువారు ఈ ప్రశ్న తమ దారికి అడ్డము రాకుండ చిరకాలముగ ప్రక్కదారులు పట్టుచు వచ్చిరి. గ్రహాంతరముల నుండి దిగివచ్చిన రాక్షసుడొకడున్న చాలును, నాయకునకు పని దొరకును, ప్రేక్షకునకు ప్రశ్న మరుపున పడును. అట్టి ప్రశ్నను పాఠశాల బాలుని చేత సూటిగ అడిగించి, నాయకుని చేత దానికి సమాధానము వెదకించిన సూపర్‌మ్యాన్ చిత్రములలో ఇదియే మొట్టమొదటిది.

ఇది కథకు వెలుపలి నుండి తెచ్చి అంటించిన రాజకీయమని అప్పుడు చాలమంది అనిరి, ఇప్పుడును అనుచున్నారు. సూపర్‌మ్యాన్ పుట్టుక నెరిగినవారు ఆ మాట అనజాలరు. యూదు కుటుంబములలో జన్మించి, క్లీవ్‌లాండ్ నగరమున కలసి చదువుకొనిన జెర్రీ సీగల్, జో షుస్టర్ అను ఇరువురు యువకులు 1938లో 'యాక్షన్ కామిక్స్' మొదటి సంచికతో ఈ వీరుని లోకమునకిచ్చిరి. హక్కులన్నిటికి కలిపి వారికి ముట్టినది 130 డాలర్లు. ఆ పత్రిక రెండవ సంచికలోనే, అనగా వీరుడు పుట్టిన మరుసటి నెలలోనే, సూపర్‌మ్యాన్ యుద్ధముతో తలపడెను. ఒక చిన్నదేశమున అంతర్యుద్ధము సాగుచుండును. దానికి ఆయుధములమ్మి లాభము గడించుచున్న వ్యాపారిని అతడు పట్టుకొని, అచ్చటి సైన్యమున సామాన్య సైనికునిగ చేర్పించి, తానమ్మిన గుండ్లు ఎట్లు తగులునో వానికి తెలియజేయును. కడపట ఉభయపక్షముల సేనానులను ఒకచోటికి తెచ్చి, మీ పోరు మీరిద్దరే తేల్చుకొనుడని ఎదురెదుట నిలబెట్టును. తామెందులకు పోరాడుచున్నారో ఆ సేనానులకే తెలియదు. పదమూడు పుటల ఆ చిన్నకథలో పాత్రపోషణ లేదు, శిల్పము లేదు, బొమ్మలు మోటువి. కాని దాని వెనుకనున్న ఆవేదన మాత్రము అచ్చమైనది.

1940 ఫిబ్రవరిలో 'లుక్' అను పక్షపత్రిక వారి కోరికపై ఆ ఇరువురే రెండు పుటల బొమ్మలకథ యొకటి గీచిరి. యుద్ధమును సూపర్‌మ్యాన్ ఎట్లు ముగించునన్నది దాని విషయము. హిట్లరును మెడపట్టి లేవనెత్తి, స్టాలినును గూడ వెంటబెట్టుకొని, అతడు వారిరువురిని జెనీవాలోని నానాజాతి సమితి ఎదుట నిలబెట్టును. చంపడు, న్యాయస్థానమునకు అప్పగించును. ఆ రెండు పుటలు జర్మనీకి చేరి, నాజీ రక్షకదళము వారి వారపత్రికలో సీగలుపై విషము గ్రక్కిన వ్యాసమొకటి వెలువడునంతటి సంచలనము కలిగించినవి. అమెరికా స్వయముగ యుద్ధమున దిగిన పిమ్మట మాత్రము ఈ కల్పన చిక్కులపాలయ్యెను. నిజమైన సైనికులు నిజముగ మరణించుచుండగా, కాగితముపై నున్న వీరుడు ఒక్క పూటలో బెర్లినును పట్టుకొనుట వారి త్యాగమును చిన్నబుచ్చుట కాదా? కావున 1942లో దినపత్రికలలో వచ్చుచుండిన ధారావాహికయందు, సైన్యమున చేరబోయిన క్లార్క్ కెంట్, అనగా మారువేషమున నున్న సూపర్‌మ్యాన్, కంటి పరీక్షలో పరాకున గోడను దాటి చూచి ప్రక్కగదిలోని అక్షరముల పలకను చదివి, చూపు సరిగలేదని త్రోసివేయబడెను. ఆనాటి రచయితలు సమస్యను తప్పించుకొనిన ఉపాయమిది. ఇందు ఎంతయో మర్యాదయు, కొంత దుఃఖమును కలవు. అయినను తప్పించుకొనుట తప్పించుకొనుటయే. ప్రశ్న మాత్రము నలువది అయిదేండ్లు అట్లే నిలిచియుండెను.

1978లో రిచర్డ్ డానర్ దర్శకత్వమున వచ్చిన మొదటి చిత్రము ఈ ప్రశ్నను మరియొక రూపమున తన గర్భమున దాచుకొనినది. మానవ చరిత్రలో జోక్యము చేసికొనరాదని తండ్రి జోర్-ఎల్ కుమారునకు విధించిన నిషేధము ఆ కథకు వెన్నెముక. ప్రియురాలు లోయిస్ లేన్ భూకంపమున మరణించినపుడు సూపర్‌మ్యాన్ ఆ నిషేధమును ధిక్కరించి, ఆకాశమునకెగసి, కాలమును వెనుకకు త్రిప్పి ఆమెను బ్రతికించుకొనును. ప్రేక్షకులు కరతాళధ్వనులు చేసిరి; నేనును చేసితిని. తొమ్మిదేండ్ల తరువాత అదే నాయకుడు, అదే నటుని రూపమున, ప్రపంచములోని పిల్లలందరి కొరకై అదే నిషేధమును ధిక్కరించినపుడు లోకము నవ్వినది. ఒక్క ప్రియురాలి కొరకు చరిత్రను మార్చుట ప్రేమకథగ చెల్లినప్పుడు, కోట్ల ప్రాణముల కొరకు మార్చుట అమాయకత్వమెట్లగునో నాకిప్పటికిని బోధపడలేదు.

ఆ సంవత్సరముల భయమును ఎరుగనివారికి ఈ చిత్రమేల పుట్టినదో తెలియదు. 1983 నవంబరులో అమెరికా టెలివిజనులో ప్రసారమైన 'ది డే ఆఫ్టర్' అను చిత్రము, కాన్సస్ రాష్ట్రములోని సామాన్య జనులపై అణుబాంబు పడిన పిదప మిగులు బ్రతుకును చూపగా, దాదాపు పదికోట్ల మంది దానిని ఒకే రాత్రి చూచిరి. అంతకు ముందటి ఏడు సమంతా స్మిత్ అను పదేండ్ల అమెరికా బాలిక, యుద్ధము చేయబోవుచున్నారా యని సోవియట్ అధినేత ఆంద్రోపోవునకు ఉత్తరము వ్రాసెను. ఆయన ప్రత్యుత్తరమిచ్చి తన దేశమునకు ఆహ్వానించెను. ఆ పిల్ల వెళ్లి చూచి వచ్చెను. 1985లో విమానప్రమాదమున పదమూడవ యేట మరణించెను. 1986 నాటికి లోకములోని అణ్వస్త్రముల సంఖ్య అరువది వేలను మించినది. ఆ అక్టోబరులో రేక్యవిక్ నగరమున రీగన్, గోర్బచేవ్ సమావేశమై, ఒప్పందము అందినట్లే అంది చేజారగా వట్టి చేతులతో విడిపోయిరి. మన చిత్రమున జెరిమీ అను బాలుడు, అగ్రరాజ్యముల చర్చలు విఫలమైనవను వార్త వినిన దినమున, తరగతిలో కూర్చుండి సూపర్‌మ్యానుకు ఉత్తరము వ్రాయును. అట్టి ఉత్తరములు వ్రాసిన బాలబాలికలు నిజముగ నుండిన కాలమది.

కథను కోరి తెచ్చినవాడు సూపర్‌మ్యాన్ పాత్రధారి క్రిస్టఫర్ రీవ్. మూడవ చిత్రము హాస్యము పాలై పోయినందుకు నొచ్చుకొని, ఇక ఆ ఎర్ర అంగవస్త్రము ధరింపనని నిశ్చయించుకొనిన వానిని, హక్కులు కొనిన క్యానన్ సంస్థ అధిపతులు మెనాహెం గోలన్, యోరాం గ్లోబస్ తిరిగి ఒప్పించుటకు రెండు వాగ్దానములు చేసిరి. ఆయన ఎంచుకొనిన మరియొక చిత్రమును నిర్మింతుమనుట మొదటిది; సూపర్‌మ్యాన్ కథయందు ఆయనకు పాలు కల్పింతుమనుట రెండవది. మొదటి వాగ్దానమున పుట్టిన 'స్ట్రీట్ స్మార్ట్' ధనము తేలేదు గాని, మోర్గన్ ఫ్రీమనుకు ఆయన జీవితములోని తొలి ఆస్కారు నామినేషనును తెచ్చిపెట్టినది. రెండవ వాగ్దానము ననుసరించి, లారెన్స్ కానర్, మార్క్ రోసెంథాల్ అను రచయితలతో పాటు కథారచయితల పట్టికలో రీవ్ పేరును చేరినది. నిరాయుధీకరణ విషయము ఆయన కోరినది. తారలు తమ పాత్రలకు ఎక్కువ పోరాటములు కోరుకొనుట సామాన్యము. ఇతడు తన పాత్రకు ఎక్కువ బాధ్యతను కోరెను.

ఇక దరిద్రము సంగతి. మొదటి చిత్రమునకు 5.5 కోట్ల డాలర్లు వ్యయమైనవి. నాలుగవ దానికి 3.6 కోట్లు అనుకొని, చిత్రీకరణ ఆరంభమగుటకు ముందే దానిని 1.7 కోట్లకు కుదించిరి. అప్పటికి క్యానన్ వారి చేతిలో ముప్పది చిత్రముల వరకు ఉండెను. ఉన్న సొమ్మును అన్నిటికి పంచి పెట్టుటయే తప్ప, ఈ ఒక్కదానికి ప్రత్యేకమగు మన్నన లేకపోయెను. ధనము తగ్గిన కొలది చిత్రమునకేమి జరుగునో తెలిసికొనగోరువారు ఆకాశగమన దృశ్యములను చూడవలెను. 1978లో జోరన్ పెరిసిచ్ అను నిపుణుడు, కెమేరాకును, వెనుకటి దృశ్యమును తెరపై వేయు ప్రొజెక్టరుకును జూమ్ కటకములు అమర్చి, రెండింటిని ఏకకాలమున కదలునట్లు జోడించెను. తత్ఫలముగ వెనుక ఆకాశము యథాతథముగ నుండగా, కదలకుండ వ్రేలాడు నటుడు మాత్రము దూరము నుండి మనపైకి దూసికొని వచ్చినట్లు భ్రమ కలుగును. దానికి కాలము పట్టును, ఓర్పు పట్టును, ధనము పట్టును. నాలుగవ చిత్రమున రీవ్ చేయి చాచి కెమేరా వైపు ఎగిరివచ్చు ఒకే దృశ్యఖండమును, వెనుకటి ఆకాశములు మార్చి, పదేపదే వాడుకొనిరి. ఒక్కసారి గుర్తుపట్టిన కన్ను మరల మోసపోదు. ఎగురగలడను నమ్మకము సడలిన పిమ్మట సూపర్‌మ్యాన్ కథలో మిగులునదేమి?

అన్నిటికంటె నాకు బాధ కలిగించునది ఐక్యరాజ్యసమితి దృశ్యము. ప్రపంచమునకు తన నిర్ణయమును తెలుపుటకై సూపర్‌మ్యాన్ జెరిమీని వెంటబెట్టుకొని న్యూయార్కు వీథిలో జనసముద్రము నడుమ నడచిపోవుట కథకు శిఖరము. ఆ వీథి న్యూయార్కు కాదు. ఇంగ్లండులోని మిల్టన్ కీన్స్. ఆ మహాభవనము ఆ పట్టణపు రైల్వేస్టేషను కట్టడము. ఆ దినమున వర్షము కురిసినది, జనసముద్రమునకు బదులు నూరుమంది వరకు సమకూరిరి, కార్లు లేవు, సందడి కొరకు కొన్ని పావురములను ఎగురవేసిరి. మొదటి చిత్రమునందైనచో ఈ దృశ్యము నిజమగు నలువదిరెండవ వీథిలోనే తీసియుందురని, ఎంతటి గొప్పకథయైనను ఇట్టి చిత్రీకరణతో ప్రేక్షకుల ఆశలనందుకొనజాలదని రీవ్ 1998లో ప్రకటించిన తన ఆత్మకథలో బాధతో వ్రాసికొనెను. ఆ చిత్రమును గూర్చి ఎంత తక్కువ చెప్పిన అంత మేలనియు అచ్చటనే అనెను. తాను కోరి కనిన బిడ్డను గూర్చి ఆ మాట అనవలసివచ్చిన వాని మనసు ఎట్లుండునో తలచినపుడు నాకు కోపము కంటె జాలియే కలుగును. ఆయన మాటను మన్నించుచునే, ఆ చిత్రమును గూర్చి ఇంకను చెప్పవలసినది కలదని నేను నమ్ముచున్నాను.

దరిద్రము మీదనే నేరమంతయు మోపుట న్యాయము కాదు. కథయే తన ప్రశ్నకు వెరచి నడుమ దారి పారిపోయినది. ఉత్తరము అందిన పిమ్మట సూపర్‌మ్యాన్ తన మంచుకోటకు పోయి, గతించిన తన క్రిప్టన్ గ్రహజాతి పెద్దల ఛాయామూర్తులను సలహా అడుగును. భూలోకవాసులు తమ భవితవ్యమును ఏ ఒక్కని చేతనైన, తుదకు నీ చేతనైన పెట్టుటకలవాటుపడిన పక్షమున, వారికి మోసపోవుట నేర్పినవాడవగుదువని ఆ పెద్దలు హెచ్చరింతురు. ఇంతటి గంభీరమైన మాట ఆనాటి వీరచిత్రములలో మరియెక్కడను నేను వినలేదు. దీనిపై ఒక నాటకమే నిర్మింపవచ్చును. మరుసటి ఘట్టమున సూపర్‌మ్యాన్ సమితి సభలో నిలిచి, అణ్వస్త్రములన్నిటిని తాను తొలగింతునని ప్రకటింపగా ఏమి జరుగును? ఏదేని ప్రతినిధివర్గము సమ్మతింపనిదే ప్రసంగమునకు వీలులేదని అధ్యక్షురాలు చెప్పగనే సభలో చేతులన్నియు లేచును. ప్రకటన ముగియగనే హర్షధ్వానములు చెలరేగును. అభ్యంతరము చెప్పినవాడొకడును లేడు. మా ఆయుధములు పోయి పొరుగువాని ఆయుధములు మిగిలినచో ఎట్లని అడిగినవాడు లేడు. నిన్ను నమ్ముటకు మాకు ఆధారమేమని నిలదీసినవాడు లేడు. పెద్దలు చెప్పిన హెచ్చరిక గాలికి పోయినది.

పిమ్మట అంతరిక్షమున పెద్ద వల పన్ని, అందు క్షిపణులన్నిటిని మూటగట్టి, గిరగిర త్రిప్పి సూర్యునిలోనికి విసరివేయుట. ఆ దృశ్యమును ఎందరు పరిహసించినను నాకది ప్రియమైనది. చిన్నపిల్లవాడు బొమ్మవేసినచో అట్లే వేయును. ఉత్తరము వ్రాసినవాడును చిన్నపిల్లవాడే కదా. అక్కడితో ప్రశ్న తీరలేదు. నిజముగ అక్కడ ఆరంభము కావలసినది. ఆయుధములు లేని లోకమున రాజ్యములేమి చేయును? జనులు తమ రక్షకుని ప్రేమింతురా, అతనికి భయపడుదురా? కథ ఇటు అడుగుపెట్టక, అతని శత్రువు లెక్స్ లూథర్ ఒక క్షిపణికి తగిలించిన సూపర్‌మ్యాన్ శిరోజము నుండి సూర్యగర్భమున పుట్టిన న్యూక్లియర్ మ్యాన్ అను బంగారుజుట్టు రాక్షసుని రప్పించి, మిగిలిన కాలమంతయు వానితో పోరాటములకు వెచ్చించినది. ఇదివరలో నేను చెప్పిన ప్రక్కదారి ఇదియే. ప్రశ్న వేయు ధైర్యము చేసిన చిత్రమే చివరకు ఆ దారి పట్టుటయే దాని అసలు పరాజయము. తీగెలును తెరలును కావు.

ఈ ప్రశ్న తెలుగు పాఠకునకు పరాయిది కాదు. 1980లో నందమూరి తారకరామారావు గారు 'సూపర్‌మేన్' పేరనే ఒక చిత్రమున నటించియుండిరను ముచ్చట అటుండనిండు. సుందరకాండ పారాయణము జరుగు ఇండ్లలో పెరిగినవారు ఇందలి ధర్మసందేహమును బాల్యమునుండియు ఎరుగుదురు. అశోకవనమున హనుమంతుడు సీతాదేవిని తన వీపుపై నెక్కించుకొని సముద్రము దాటించి రాముని సన్నిధికి చేర్చెదనని వేడుకొనును. అతనికి శక్తి లేదా? కలదు. ఆమెకు దుఃఖము లేదా? అపారముగ కలదు. అయినను ఆమె అంగీకరింపదు. రాముడే వచ్చి రావణుని జయించి తన్ను కొనిపోవుట ఆయనకు తగిన కార్యమని చెప్పి చూడామణినిచ్చి పంపును. చేయగలవాడు చేసిపెట్టినంత మాత్రమున చేయవలసినవాని కర్తవ్యము తీరదను ఆ విచారమునే క్రిప్టన్ పెద్దల నోట విని, అప్పుడు నేను ఉలికిపడితిని. వాల్మీకి ఆ సంవాదమునకు ఒక సర్గనంతయు వినియోగించెను. ఈ చిత్ర నిర్మాతలు రెండు నిమిషములతో సరిపెట్టిరి.

అయినను ఈ చిత్రమును రీవ్ ఒక్కడు తన భుజములపై మోసెను. ఆయన నటనను చూచుటకు ఆకాశదృశ్యములను వదలి, నేలమీది దృశ్యములను చూడవలెను. తల్లిదండ్రులు గతించిన పిమ్మట స్మాల్‌విల్‌లోని పాత పొలమును అమ్మజూపు సందర్భమున, ఆ ఇంటి ముందు నిలిచిన క్లార్క్ ముఖములో, తొమ్మిదేండ్ల క్రింద మొదటి చిత్రమున చూచిన యువకుడు ముప్పదులలోనికి వచ్చి కొంత అలసట నేర్చుకొనినట్లు తెలియును. పిల్లవాని ఉత్తరము వార్తాపత్రికకు వ్యాపారవస్తువై, సూపర్‌మ్యాన్ ఆ బాలుని తిరస్కరించెనని అబద్ధపు శీర్షిక వెలువడినపుడు, తన్ను గూర్చిన ఆ నిందను పరాయివాని నిందవలె వినుచు క్లార్కుగ నిలువవలసిన క్షణము కలదు. కళ్లజోడు వెనుక ఆ కనుదోయి మాత్రము దిగులుపడును. రాక్షసుని గోరు గీరుకొనినందున శరీరము విషమెక్కి, జుట్టు నెరసి, వణకుచు కూర్చుండినప్పటి దైన్యమును సైతము ఆయన పరిహాసమునకు ఎడమీయక అభినయించెను. చుట్టునున్నదంతయు అట్టతో చేసినదని తెలిసియుండియు, తాను మాత్రము ప్రతి వాక్యమును నమ్మి పలికెను. మొదటి చిత్రమునకు ఎన్నుకొనినపుడు ఇరువదినాలుగేండ్ల బక్కపలుచని రంగస్థల నటుడు, డేవిడ్ ప్రౌస్ శిక్షణలో కండలు పెంచుకొనెను. ఆ నమ్మకమును మాత్రము ఏ శిక్షకుడును ఇచ్చియుండలేదు.

అదే 1987 నవంబరులో, చిలీ దేశమున పినోషే నియంతృత్వము క్రింద డెబ్బదియేడుగురు రంగస్థల కళాకారులకు మరణ బెదరింపులు రాగా, వారికి అండగ నిలుచుటకు రీవ్ స్వయముగ శాంటియాగో నగరమునకు పోయెను. తీగెలు లేవు, అంగవస్త్రము లేదు. చిత్రము విఫలమై అయిదు నెలలైన గడచియుండలేదు. ఆ సంగతి చదివిన పిమ్మట, శాంతిని గూర్చి ఆ చిత్రమున ఆయన పలికిన మాటలను వేషధారి మాటలని కొట్టివేయుట నా చేత కాలేదు.

ఆ మాటలలో కడపటివి నాకు మరింత ముఖ్యములు. పోరాటమంతయు ముగిసిన పిమ్మట సూపర్‌మ్యాన్ మరల లోకము నెదుట నిలిచి, శాంతి తన యీవి కాదనియు, జనులు దానిని తీవ్రముగ కోరుకొనినపుడు ప్రభుత్వములు ఇయ్యక తప్పదనియు చెప్పును. 1959లో అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్, యూరపులో మహాసేనలను నడపిన సేనాని, ఇంచుమించు ఇదే భావమును బ్రిటిష్ టెలివిజనులో వెలిబుచ్చియుండెను. క్రిప్టన్ పెద్దల హెచ్చరికకు ఇది సమాధానము. ఆలస్యముగ వచ్చినను, త్రోవతప్పి వచ్చినను, సరియైన సమాధానమే. చిత్రము విడుదలయైన అయిదవ నెలలో, 1987 డిసెంబరు 8వ తేదీన, రీగన్, గోర్బచేవ్ మధ్యశ్రేణి క్షిపణుల నిర్మూలన ఒప్పందముపై సంతకములు చేసిరి. 1991 నాటికి ఉభయదేశములు కలసి 2,692 క్షిపణులను ధ్వంసము చేసినవి. ఒక చిత్రమునకును ఆ ఒప్పందమునకును కార్యకారణ సంబంధము నేనంటగట్టను. అది కోరినది అసంభవమని నవ్వినవారు, అందు కొంత ఆ సంవత్సరాంతముననే సంభవమగుటకు ఆరంభించినదని మాత్రము తలచుకొనవలెను. 2019లో ఆ ఒప్పందము నుండి అమెరికా వైదొలగినది. ప్రశ్న మరల మన ముంగిటికే వచ్చినది.

అందువలననే 2025 జూలైలో జేమ్స్ గన్ తీసిన క్రొత్త 'సూపర్‌మ్యాన్' చూచునపుడు నా మనసు మాటిమాటికి నాలుగవ చిత్రము వైపు పోయెను. అందు బొరేవియా అను కల్పిత రాజ్యము పొరుగుదేశముపై దండెత్తగా సూపర్‌మ్యాన్ అడ్డుపడి యుద్ధమును ఆపివేయును. ఎవరినడిగి ఆ పని చేసితివని లోయిస్ అతనిని పాత్రికేయురాలిగ ప్రశ్నించును. జనులు చనిపోనుండిరని అతడు ఆవేశముతో బదులు చెప్పును. ఆ సంవాదము ఆ చిత్రమునకే హృదయమని నేను తలచుచున్నాను. సమితి సభలో ఎవరును అడుగని ప్రశ్నను ముప్పదియెనిమిదేండ్ల తరువాత లోయిస్ లేన్ అడిగెను. ప్రేక్షకులు ఈసారి నవ్వలేదు. విషయము వీరకథకు మించినదని 1987లో చేసిన తీర్పు తొందరపాటు తీర్పని ఇప్పుడైన ఒప్పుకొనవలసియున్నది.

అట్లొప్పుకొనినచో చేయదగిన పని యొకటి కలదు. సుమారు నలువదియైదు నిమిషముల భాగమును తొలగించిన పిమ్మటనే నాలుగవ చిత్రము హాళ్లకు వచ్చినది. క్లైవ్ మాంటిల్ నటించిన మొదటి న్యూక్లియర్ మ్యాన్ పాత్ర సమూలముగ పోయినది. ఆ పోయినదానికి నేను చింతింపను. చింతించునది వేరొక దృశ్యమునకు. కడపట సూపర్‌మ్యాన్ జెరిమీని అంతరిక్షమునకు తీసికొనిపోయి భూమిని చూపగా, ఆ బాలునకు దేశముల నడుమ సరిహద్దులు కనబడవు. కథనంతటిని నడపిన ఉత్తరమునకు ప్రత్యుత్తరమది. దానిని తీసివేసి, పోరాటములను ఉంచిరి. తొలగించిన దృశ్యములలో పెక్కింటిని 2006లో డీవీడీయందు విడివిడిగ జోడించి ప్రకటించిరి. అదే సంవత్సరమున రెండవ చిత్రమును, డానర్ మొదట తీసిన దృశ్యములను వెదకి తెచ్చి, ఆయన సంకల్పించిన రూపమునకు దగ్గరగ పునర్నిర్మించి గౌరవించిరి. ఆ గౌరవమునకు నాలుగవదియు అర్హమైనదే. తీగెలను చెరపనక్కరలేదు, నల్లతెరలను దాచనక్కరలేదు, ఎగురు దృశ్యములను క్రొత్తగ అతుకనక్కరలేదు. న్యూక్లియర్ మ్యానుతో జరిగిన పోరాటములలో సగము తగ్గించి, బాలుని దృశ్యమును దాని చోట నిలిపి, కథారచయితలలో ఒకడగు రీవ్ ఏమి చెప్పదలచెనో దానిని మొదటి నుండి చివరి వరకు ఒక్కసారి వినిపింపుడని హక్కుదారులను నేను కోరుచున్నాను.